పెద్దమ్మ మూసిన సందులు

పెద్దమ్మ పోయిందని అమ్మ ఫోన్ చేసేసరికి నేను పరవాడలో ఓ కొత్త బిల్డింగు మూడో అంతస్తులో కిటికీకి దోమల మెష్ బిగిస్తున్నాను. “ఒరే, పెద్దమ్మ పోయింది. ఉన్నపళంగా వచ్చేయి” అంది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, “తలుపేసుందా?” అని.

“మనిషి పోయిందంటే తలుపు గోలేటిరా నీకు” అని అమ్మ ఫోన్ పెట్టేసింది.

ఆ మాట అడిగినందుకు ఆ రోజు బస్సులో వస్తున్నంతసేపూ సిగ్గుపడ్డాను. ఇప్పుడు పడటం లేదు. పెద్దమ్మ అయినా ముందు అదే అడిగేది.

ఆవిడ నాకు రక్తసంబంధం కాదు. అనకాపల్లిలో మా వెనకింట్లో ఉండేది. అమ్మ ఆవిణ్ణి అక్కా అని పిలిచేది కాబట్టి నాకు పెద్దమ్మ, ఆవిడ కొడుకు నాకు అన్న. రెండు గదుల అద్దె ఇల్లు. వెనక గోడకి ఆనుకుని బెల్లం గోడౌను. బయట ఊరి వాళ్ళు మా వీధిలోకి రాగానే వాసన బాగుందంటారు. బాగానే ఉంటుంది. కానీ ఆ వాసన ఎంత దూరం పోతే అంత దూరం నుంచి చీమలు వస్తాయి. గోడౌనుకి పోయే చీమ నేరుగా గోడౌనుకే పోదు, దారిలో ఉన్న ఇళ్ళన్నీ చూసుకుంటూ పోతుంది.

మా వీధిలో మిగతా వాళ్ళకి చీమంటే విసుగు. పంచదార డబ్బా మూత గట్టిగా పెట్టుకుంటారు, అన్నం గిన్నె ఉట్టి మీద పెట్టుకుంటారు, అంతే. పెద్దమ్మకి చీమంటే భయం. అన్న మార్కెట్లో కలాసీగా ఉండేవాడు, లారీల్లోకి బెల్లం దిమ్మలు ఎత్తే పని. ఏడేళ్ళ కిందట లోడు మీంచి వెనక్కి పడ్డాడు. మెడ దగ్గర నరాలు దెబ్బతిన్నాయి. అప్పటి నుంచి భుజాల కింద ఒంట్లో కదలిక లేదు, స్పర్శ లేదు. మాట ఉంది, తల తిప్పుతాడు, నవ్వుతాడు, ఎదుటివాణ్ణి ఏడిపిస్తాడు కూడా. కానీ కాలి మీదికి చీమల బారు ఎక్కినా అతనికి తెలీదు. కొరికినా తెలీదు. అతని బదులు ఇంకొకరు తెలుసుకోవాలి. ఆ ఇంకొకరు పెద్దమ్మ ఒక్కతే.

మొదట్లో అతన్ని మంచం మీదే పడుకోబెట్టేది. ఒక రోజు దుప్పటి మారుస్తుంటే జారి కింద పడ్డాడు. మనిషి వస్తే తప్ప ఎత్తలేక, వీధిలోకి పరిగెత్తి అరిచి, నలుగురిని పిలుచుకొచ్చింది. ఆ మర్నాడే మంచం ఎవరికో ఇచ్చేసి నేల మీద పరుపు వేసింది. నేల మీద అయితే పడే భయం లేదు. కానీ అది నాపరాళ్ళు పరిచిన పాత నేల. రాయికీ రాయికీ మధ్య ఉన్న ప్రతి సందూ తిన్నగా అన్న ఒంటి దగ్గరికే దారి.

పొద్దున లేవగానే ఆవిడ చేసే మొదటి పని మీకు చెప్తాను. ఒక అగరొత్తి వెలిగించి, కిటికీ చట్రం చుట్టూ, గుమ్మం అడుగున, గోడా నేలా కలిసే అంచు వెంట మెల్లగా జరుపుకుంటూ పోయేది. పొగ నిటారుగా లేస్తే సరే. ఎక్కడైనా పొగ పక్కకి వంగిందంటే అక్కడ సందు ఉన్నట్టు. అక్కడ సుద్దముక్కతో గీత పెట్టి ముందుకి పోయేది. ఇల్లంతా అయ్యాక, గీతలున్న చోటల్లా చేతికి ఏది దొరికితే అది కూరేది. మైదా జిగురు, పాత గుడ్డ, మైనం, తెల్ల సిమెంటు. వీధిలో వాళ్ళకి ఈ సంగతి తెలీదు. కిటికీలోంచి చూసి, ఎంత భక్తో అనుకునేవాళ్ళు. ఒక ముసలావిడ ఉండబట్టలేక అడిగేసింది కూడా.

“గోడగోడకీ దూపం ఏత్తన్నావు, ఏ దేవుడికమ్మా?”

“సీమల దేవుడికి. లోపలికి రాకుండానే ఎనక్కి ఎల్లిపోమని దండం ఎడతన్నాను.”

ఆవిడ ఎవరినీ నవ్వించాలని మాట్లాడేది కాదు. చూపు పొగ మీద పెట్టి, మాట ఇటు పడేసేది.

నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను. ఆ తర్వాత లారీ క్లీనరు, సెల్ ఫోన్ల షాపు, టెంటు హౌసు, రంగుల పని. ఏదీ ఆర్నెల్లు దాటలేదు. ఒక పనిలో ఉండగానే ఇంకో పని బాగుంటుందేమో అనిపించేది. మానేసిన రోజున ఇంట్లో తిట్లు తప్పించుకోడానికి వెనకింటికి పోయేవాణ్ణి. అక్కడ తిట్లు ఉండవని కాదు.

“ఈ పనీ మానేసేవేటిరా?”

“మానేసేను పెద్దమ్మా.”

“నీ కాలు ఒకసోట నిలవదు. మావోడి కాలు కదల్దు. ఆ దేవుడు ఇద్దరికీ సెరిసగం సేసుంటే సరిపోయేది.”

పరుపు మీంచి అన్న అందుకునేవాడు. “నాకొద్దు బాబూ ఆడి సగం. ఆడి కాళ్ళు లేసిన కాడ్నించి టీ కొట్టుకే ఎల్తాయి. నాకు టీ పడదు.”

ఆవిడ చీరలకి ఫాల్స్ కుట్టేది. ఇంట్లో ఉండి చేసుకునే పని అదొక్కటే దొరికింది. ఒక వైపు అంచు కుట్టడం అయ్యాక సూది గుచ్చి పెట్టి లేచేది, అన్న మీద దుప్పటి ఎత్తి కాళ్ళు, మడమలు, నడుము కింద, వేళ్ళ మధ్య చూసేది, మళ్ళీ కూర్చునేది. చీర అంటే ఆవిడకి ఇన్నిసార్లు లేవడం అని లెక్క. చీమ కనిపిస్తే నలిపేది కాదు. నలిపితే ఆ వాసనకి ఇంకో పది వస్తాయని తీసి గిన్నెలో నీళ్ళలో వేసేది. నేనోసారి కాలితో రాసేస్తే కోప్పడింది. “దాని మీద పగేటిరా నీకు. దానిది ఆకలి. తప్పు సందుది.” సందు గురించి ఆవిడ ఇంకో మాట కూడా అంటుండేది. “మన కంటికి ఆనదు గానీ సీమకి అది ఈది గుమ్మంలాగ అవుపడతాది.”

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. ఇది మా అమ్మకి కూడా తెలీదు. ఇది చదివాక తెలుస్తుంది, తెలియాలనే రాస్తున్నాను.

అది వానాకాలం. నాపరాళ్ళ మధ్య పెద్దమ్మ పెట్టిన సిమెంటు బీటలిచ్చి, ఎర్ర చీమలు నేలలోంచే బారులుగా రావడం మొదలెట్టాయి. ఆ రోజుల్లో నేను ఒక పాత మేడ రిపేరులో మేస్త్రీ దగ్గర పని చేస్తున్నాను. సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి కలిపితే అది రాయి అయిపోతుందనీ, మా ఊరి పాత గోడలన్నీ అలాగే నిలబడ్డాయనీ ఆ ముసలి మేస్త్రీ చెప్పాడు. బెల్లం ఎంత వెయ్యాలో, ఎన్నాళ్ళు నానాలో, ఎన్నాళ్ళు ఆరాలో కూడా చెప్పే ఉంటాడు. నేను అంతసేపు నిలబడి వినలేదు.

బెల్లం ఊళ్ళో పుట్టినవాణ్ణి. కొంచెం బెల్లానికే రాయి అయితే, ఎక్కువ బెల్లానికి ఇంకా గట్టి రాయి అవుతుందనుకున్నాను. కరక్కాయ దొరకలేదు. దాని బదులు కూడా బెల్లమే వేశాను. పెద్దమ్మ వచ్చి బకెట్లోకి తొంగి చూసింది.

“సీమలకి బెల్లం ఎడతన్నావేటిరా?”

“ఇది సున్నం పెద్దమ్మా. సున్నంలో కలిత్తే ఇంకది బెల్లం కాదు. సిమెంటు కన్నా గట్టి. మేస్త్రీ సెప్పేడు.”

“మేస్త్రీ సెప్పేడా?”

“సెప్పేడు.”

ఆవిడ బకెట్ వదిలి కుట్టుపని దగ్గరికి వెళ్ళిపోయింది. నేను పొద్దున్నించి సాయంత్రం దాకా ఒకే పని మీద కూర్చోవడం చూసి ముచ్చటపడి ఊరుకుందేమో అని ఇప్పుడనిపిస్తుంది. సందుసందుకీ తాపీతో పెట్టి, తడి గుడ్డతో తుడిచి, తెల్లటి గీతలు గళ్ళు గళ్ళుగా వచ్చాయి. అన్న తల తిప్పి చూసి, “ముగ్గేసినట్టుందిరా” అన్నాడు.

నాలుగో రోజు పొద్దున పెద్దమ్మ గంజి కాయడానికి వంటగదిలోకి వెళ్ళింది. అరగంట కంటే ఎక్కువ పట్టి ఉండదు. అన్న రేడియో వింటున్నాడు. ఆవిడ వచ్చి దుప్పటి ఎత్తింది. ఆవిడ కేక విని నేను పరిగెత్తుకొచ్చేసరికి అన్న కుడి కాలు పిక్క కనపడటం లేదు, ఎర్రగా కదులుతోంది. చీమలు ఎటునుంచి వస్తున్నాయో చూద్దామని కిందకి చూస్తే, నేను పెట్టిన తెల్ల గీతలన్నీ ఎర్రగా అయిపోయి ఉన్నాయి. గీత పొడుగునా కూర్చుని తింటున్నాయి. పక్కనే మనిషి.

“ఏటైందే?” అని అన్న అడుగుతున్నాడు. అతనికి రేడియోలో పాట వినిపిస్తోంది, కాలు తెలీటం లేదు.

“ఏటీ లేదు నానా, ఏటీ లేదు” అంటూ ఆవిడ రెండు చేతులతో తుడిచేస్తోంది. ఆవిడ చేతుల నిండా పాకుతున్నాయి.

నేను సాయం చెయ్యలేదు. గుమ్మంలో నిలబడి చూసి, వెనక్కి తిరిగి, రైలు స్టేషనుకి పోయి విశాఖ వెళ్ళిపోయాను. ఫోన్ ఆపేసి ఒక ఫ్రెండు గదిలో నాలుగు రోజులు ఉన్నాను. అయిదో రోజు ఎందుకు తిరిగొచ్చానో చెప్పలేను. వీధిలోకి వచ్చేసరికి పెద్దమ్మ గుమ్మం దగ్గర కూర్చుని ఫాల్ కుడుతోంది. అన్న కాలికి కట్టు.

“వచ్చేవా.”

నేను చెప్పులు విప్పి గుమ్మం బయటే నిలబడ్డాను.

“స్క్రూడ్రైవరు అట్టుకురా. ఎట్టినోడే తియ్యాల. నాకు గీకే బలం లేదు.”

రెండు రోజులు గీకాను. ఆవిడ వెనకాలే వేడినీళ్ళు పోసుకుంటూ వచ్చింది. మధ్యలో అన్న అన్నాడు, “అనకాపల్లిలో సీమలకి ఇందుభోజనం ఎట్టిన మొగోడివి నువ్వేరా. ఆకులెయ్యడం మర్సిపోయేవు గానీ.” పెద్దమ్మ నోరు ముయ్యమంది, మళ్ళీ ఆవిడకే నవ్వొచ్చింది. ఇద్దరూ నవ్వుతుంటే నేను తల ఎత్తలేదు.

ఆ పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. ఆసుపత్రిలో అడిగినా, కోటవురట్ల నుంచి వచ్చిన కూతురు అడిగినా, మా అమ్మ అడిగినా పెద్దమ్మ ఒకటే చెప్పింది. “వానకి పుట్ట పగిలింది.” నా పేరు ఎప్పుడూ ఎత్తలేదు. ఆ సంగతి నన్ను కూడా మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. నేను ఆవిడకి క్షమించమని చెప్పలేదు. చెప్తే ఏమనేదో తెలీదు. ఇప్పుడు తెలుసుకునే వీలు లేదు.

ఆ తర్వాత అల్యూమినియం కిటికీల షాపులో చేరాను. నేను మానకుండా నిలిచిన పని అదొక్కటే. కారణం చిన్నది. పని అయ్యాక, సందులు పూడ్చే సిలికాన్ జిగురు గొట్టాల్లో అడుగున కొంచెం మిగిలేది, ఓనరు పారేసుకోమనేవాడు. అవి దాచి ఆదివారం ఆదివారం పెద్దమ్మ ఇంటికి పట్టుకెళ్ళేవాణ్ణి. ఆదివారానికి ఒక మూల. ముందు పాత జిగురు, మట్టి అంతా గీకి, తుడిచి, ఆరబెట్టి, అప్పుడు గన్నుతో సన్నగా పెట్టడం. తడి మీద పెడితే ఊడిపోతుంది, దుమ్ము మీద పెడితే పట్టదు. నేను తొందరపడితే ఆవిడ గన్ను లాక్కునేది. “ఆరనీ. ఎక్కడికి పోవాల నువ్వు?” నేను గీత పెట్టాక ఆవిడ సబ్బునీళ్ళలో వేలు ముంచి దాని మీద నెమ్మదిగా రాసేది, చంటిపిల్లకి కాటుక దిద్దినట్టు. షాపులో నాకు పని నేర్పినవాడి గీత కూడా అంత నున్నగా ఉండదు.

కిటికీలు, నేల అంచులు, కరెంటు వైరు వచ్చే కన్నం, నీళ్ళ గొట్టం పోయే కన్నం, తలుపు చట్రానికి రబ్బరు. గడప అడుగున మాత్రం ఏదీ నిలవలేదు. దానికి ఆవిడే ఫాల్ గుడ్డ ముక్కలు కలిపి పొడుగ్గా సన్నటి సంచి కుట్టి, బూడిద కూరి, తలుపు లోపలి వైపు ఆనించింది. ఆ ఇంట్లోకి ఎవరు వచ్చినా కూర్చోమనే ముందు ఇంకో మాట వినేవారు. “సంచి ఎట్టు. ఎట్టి మాటాడు.” చుట్టాలకి కోపాలు కూడా వచ్చాయి. ఆవిడకి లక్ష్యం లేదు.

మూడేళ్ళు పట్టింది. పోయిన ఎండాకాలంలో ఒక పొద్దున నన్ను పిలిచి, అగరొత్తి పట్టుకుని రెండు గదులూ తిరిగింది. ఒక్కచోట కూడా పొగ వంగలేదు. తాడు కట్టినట్టు పైకి లేచింది. ఆవిడ చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది.

“అయిపోయిందిరా” అంది.

అన్న పరుపు మీంచి, “పొగకే దారి లేదంటే ఇంక నేనెలాగ పోతానే బయటికి” అన్నాడు. ముగ్గురం నవ్వాం. నేను గర్వంగా ఆ పొగని ఫోన్లో వీడియో తీసుకున్నాను. ఇంకా ఉంది. ఇప్పుడు చూడలేను.

అన్నకి కోపం వచ్చిన రోజొకటి చెప్పాలి. వానలు మొదలయ్యాయి. ఆ గదిలో ఎంత ఉక్కగా ఉండేదో నాకు తెలుసు, ఫ్యాన్ ఉన్న గాలినే తిప్పేది. అన్న కిటికీ తియ్యమన్నాడు.

“వానకి సీమలు గోడెక్కుతాయి నానా. ఆగినాక తీత్తాను.”

“ఆగినాక వానెక్కడుంటాదే. వాన వాసన సూసి ఎన్నాళ్ళైందో నీకు తెలుసా?”

“మెష్ ఉన్నా సన్న సీమ దూరిపోతాది.”

“దూరనీ. ఏడేళ్ళనుంచి సీమలకి బయపడి నన్ను డబ్బాలో ఎట్టేవు.”

తల గోడ వైపు తిప్పేసుకున్నాడు. గంజి తాగలేదు. పెద్దమ్మ కాసేపు కుట్టుకుంది. తర్వాత నా సంచిలోంచి అంగుళం రంగుల బ్రష్షు తీసుకుని, కిటికీ ఒక రెక్క తీసి, దాని ముందు ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. ఆ వాన రెండు గంటలు కురిసింది. గూళ్ళు మునిగిన చీమలు గోడ పట్టుకుని పైకి వస్తూనే ఉన్నాయి. ఆవిడ వచ్చినదాన్ని వచ్చినట్టు బ్రష్షుతో బయటికి ఊడ్చింది. భుజం, జుట్టు, ఒక పక్క చీర తడిసి ముద్దయ్యాయి. ఆవిడ భుజం మీదుగా అన్న వాన చూశాడు. ఆవిడ వాన చూడలేదు, కిటికీ అంచు చూసింది. వాన ఆగాక రెక్క మూసి, “తాగు ఇంక” అని గంజి గిన్నె తీసింది. అన్న తాగాడు. నేను ఆ ఇంట్లో ఎన్నో రోజులు గడిపాను గానీ, ఆవిడ ఎలాంటి మనిషని ఎవరైనా అడిగితే ఆ రెండు గంటలే చెప్తాను.

ఆవిడ పోయిన రోజు సంగతి అన్న నాకు మూడో రోజున చెప్పాడు. అంతవరకూ అతనికి గొంతు రాలేదు.

పొద్దున అతనికి గంజి పట్టించి, మూతి తుడిచి, గుండెల్లో ఏదోలా ఉందని అతని పక్కనే నేల మీద వాలింది. అంతే, లేవలేదు. అన్న పిలిచాడు. తర్వాత అరిచాడు. గోడౌను దగ్గర లారీ లోడవుతోంది, కలాసీల కేకలు. మామూలు మనిషి కేకైతే వినపడేదేమో. అన్నకి ఊపిరి తక్కువ, గట్టిగా అరవలేడు. ఆ గొంతు బయటికి రావడానికి ఆ ఇంట్లో సందు లేదు. కిటికీలు నేను మూసినవే. తలుపు రబ్బరు నేను వేసిందే. మా అమ్మ ఇరవై అడుగుల దూరంలో బట్టలు ఉతుకుతోంది, ఆవిడకి ఏమీ వినపడలేదు. మధ్యలో పెద్దమ్మ ఫోన్ రెండుసార్లు మోగింది. అది నేను. ఒక గొట్టం సగానికి పైగా మిగిలిందని చెబుదామని చేశాను. తియ్యకపోతే కుట్టుపనిలో ఉందనుకున్నాను.

“నువ్వే అనుకున్నాను” అన్నాడు అన్న.

మధ్యాహ్నం దాటాక అమ్మ కూర గిన్నె పట్టుకుని వెళ్ళి, తలుపు తట్టి తట్టి తోసింది. అప్పటికి అన్న పెదాలే కదులుతున్నాయట.

ఇదంతా చెప్పి, అన్న తల దీపం వైపు తిప్పాడు. “గొంతు పోయినాక ఇంకేటి సేత్తాను. అమ్మనే సూత్తా ఉన్నాను. బయమేసింది, ఏటన్నా ఎక్కుతాదేమోనని. ఒక్క సీమ రాలేదురా అమ్మ కాడికి. ఒక్కటంటే ఒక్కటి రాలేదు.”

నన్ను మెచ్చుకోవడానికే అన్నాడు. ఆ మాట ఎక్కడ పెట్టుకోవాలో నాకు ఇంకా తెలీదు.

ఆ రోజు నేను పరవాడ నుంచి వచ్చేసరికి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. కిటికీ రెక్కలన్నీ తీసేశారు. బూడిద సంచి ఎవరో కాలితో తోస్తే వాకిట్లో పగిలి పడుంది. జనం నిండిపోయారు. చేసేవన్నీ చేసి, సాయంత్రానికి ఆవిణ్ణి సాగనంపాం. తిరిగొచ్చాక, ఆవిడ ప్రాణం పోయిన చోట దీపం పెట్టి, పక్కన బియ్యం పోశారు. ఆ చోటు అన్న పరుపుకి మూరెడు దూరం. నేను తలుపు మూయబోయాను.

“ఏటిరా అది” అన్నాడు వాళ్ళ తరఫు పెద్దాయన.

“సీమలొత్తాయి మామా.”

“ఆత్మ తిరిగే ఇల్లురా. దినాలయ్యేదాకా తలుపెయ్యకూడదు.”

ఆ ఆత్మ వస్తే ముందు తలుపే వేస్తుందని చెబుదామనుకున్నాను. నా మాట ఎవరు వింటారు. మూడేళ్ళు పట్టిన పని మూడు గంటల్లో పోయింది. ఎవరి తప్పూ లేదు. పదకొండు రోజులూ దీపానికీ అన్నకీ మధ్య కూర్చున్నాను. అమ్మ కొంతసేపు, నేను కొంతసేపు. అయినా నాలుగు చోట్ల కొరికాయి.

దినాలయ్యాక అక్క, అంటే పెద్దమ్మ కూతురు, అన్నని కోటవురట్ల తీసుకెళ్ళిపోయింది. వాళ్ళకి అక్కడ చెరకు, వరి ఉన్నాయి. అక్క ఇక్కడే ఉండిపోలేదు, అన్నని ఒక్కణ్ణీ ఇక్కడ వదిలిపెట్టలేదు. ఇంకో దారి ఎవరికీ తోచలేదు. వ్యానులో పడుకోబెట్టాక అన్న, “వత్తావేటిరా?” అని అడిగాడు. వస్తానన్నాను.

మొన్న ఆదివారం వెళ్ళాను. ఈసారి మిగిలినవి కాదు, కొత్త గొట్టాలు పట్టుకెళ్ళాను. ఊరి చివర పెంకుటిల్లు. ముందు వసారా, మూడు వైపులా ఏమీ లేదు, మట్టి నేల, నాలుగు గుంజలు. నులక మంచం మీద అన్న పడుకుని ఉన్నాడు. సంచి భుజాన వేసుకుని ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగాను. గోడకీ కప్పుకీ మధ్య చెయ్యి దూరుతుంది. సిలికాన్ పట్టాలంటే రెండు అంచులు కావాలి. ఇక్కడ ఒక అంచు గోడ, రెండో అంచు చెరకు చేను. సంచి విప్పలేదు.

బావ, అంటే అక్క మొగుడు, చేలోంచి వచ్చాడు. నేనేం చూస్తున్నానో ఆయనకి అర్థమైంది.

“మంచం కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు ఎట్టేం. కోళ్ళు తాగేసి తన్నేత్తన్నాయి” అన్నాడు. “నాకింకేటి సెయ్యాలో తెలీలేదురా.”

బోరు దగ్గరికి వెళ్ళి బిందెతో నీళ్ళు తెచ్చాడు. మంచం చుట్టూ మట్టి మీద సన్నటి ధారగా పోసుకుంటూ నడిచాడు, అతి జాగ్రత్తగా, గీత ఎక్కడా తెగకుండా. బయట ఎర్ర చీమలు ఆ తడి దాకా వచ్చి ఆగాయి, పక్కకి తిరిగి దాని వెంటే నడవడం మొదలెట్టాయి.

“రోజుకి ఎన్నిసార్లు బావా?”

“ఆరినప్పుడల్లా.”

అన్న నిద్రపోతున్నాడు. గాలికి నుదుటి మీద జుట్టు కదులుతోంది. బావ చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికి వచ్చేసరికి, ఎండ పడే వైపు మట్టి అప్పుడే తెల్లబడుతోంది. దాన్ని ఒక్క క్షణం చూసి, ఖాళీ బిందె చంకన పెట్టుకుని మళ్ళీ బోరు వైపు నడిచాడు.